మనం అడిగి పెట్టించుకున్న మంట



పోయిన వారం పీఎఫ్ క్లెయిమ్ రిజెక్ట్ అయితే ఏం చెయ్యాలో రాసిన. ఈ వారం ఒక స్వీటు గురించి రాస్తున్న. నవ్వకండి. చివరిదాక చదివి అప్పుడు నవ్వండి.

సంగతేందంటే, మా అక్క బిడ్డకు గ్రూప్-4ల జూనియర్ అసిస్టెంట్ ఉద్యోగం వచ్చింది. నాలుగేండ్లు అశోక్‌నగర్‌ల ఉన్నది. ముగ్గురుండే రూముల ఒక మంచం, చిక్కడపల్లి లైబ్రరీల ఒక కుర్చీ, మధ్యాహ్నం 5 రూపాయల భోజనం లైను. ఆ లైన్ల నిలబడే పాలిటీ పుస్తకం సగం చదివిన పిల్ల. మొదటి జీతం పడ్డ రోజు బర్కత్‌పురల నా రూముకు వచ్చి, "మామా, నీకు దావత్ ఇస్త. బిర్యానీ వద్దు. మంట పెట్టి ఇచ్చే స్వీటు తినాలె" అన్నది.

"మంటనా?"

ఫోన్ల వీడియో చూపించింది. పెనంల అరటిపండ్లు, మీద నీలం మంట, చుట్టూ కూసున్నోళ్లు చప్పట్లు. లైబ్రరీల నిద్ర వచ్చినప్పుడల్లా ఇది చూసేదట. "ఉద్యోగం వస్తే ఇల్లు కడత, బంగారం కొంట అని అందరనుకుంటరు. నేను ఇది తింట అనుకున్న మామా" అన్నది.

నిజం చెప్తున్న, ముందుగాల నాకు కోపమే వచ్చింది. ఊర్ల మీ అమ్మ ఇంకా కూలికి పోతున్నది, నీకు మంట స్వీటు కావాల్నా అని నోటిదాక వచ్చింది. మింగిన. ఎందుకంటే ఆ గొంతు నాది కాదు. ఎస్సీ హాస్టల్ల ఇంకో గరిటె పప్పు అడిగితే "తిండి పెట్టుడే ఎక్కువ, మీకు రుచులు కూడానా" అన్న వార్డెన్‌ది. ముప్పై ఏండ్లయినా ఆయన నా లోపల కూసోనే ఉన్నడు.

సరే అని మంట వెతకడం మొదలుపెట్టిన.

బర్కత్‌పుర చమన్ చుట్టుపక్కల హోటళ్లతోని మొదలు. "మంట పెట్టి ఇచ్చే ఐటమ్ ఏమన్న ఉన్నదా అన్నా?" అంటే ఒకాయన "తందూరి ఉంది సార్" అన్నడు. ఇంకొకాయన "మంట లోపలే ఉంటది సార్, బయటికి తేము" అన్నడు. హిమాయత్‌నగర్‌ల ఒక దగ్గర సిజ్లర్ ఉన్నదన్నరు. పోయినం. బాగా కాల్చిన ఇనుప పళ్లెం, కింద కట్టె పలక, పైన సలసల. పొగ ఉంటది, చప్పుడు ఉంటది, మంట ఉండదు. 1960లల్ల బొంబాయిల మొదలైన అలవాటది. బ్రౌనీ కూడా గట్లనే తెచ్చిండ్రు. పిల్ల తిన్నది గని, "ఇది పొగ మామా" అని తేల్చేసింది.

నారాయణగూడల ఫైర్ పాన్ దొరికింది. భయ్యా పాన్ మీద మంట అంటించి, అది ఆరకముందే టక్కున నోట్ల పెడతడు. అంటించేది ఏందని అడిగితే నవ్విండు, చెప్పలే. పిల్ల రెండడుగులు ఎన్కకు జరిగింది. "నాకు మంట ముందట కూసొని నిమ్మళంగ చూసుడు కావాలె. నోట్ల కుక్కుడు కాదు."

అప్పుడు నేను కూడా సోయి తెచ్చుకొని చదివిన. దీన్ని ఫ్రెంచోళ్లు ఫ్లాంబే అంటరు. వేడి పెనంల రమ్మో బ్రాందీయో కొంచెం పోసి అంటిస్తరు. అందుల ఆల్కహాల్ 40 శాతం దాక ఉంటది. అంటుకునేది ద్రవం కాదు, పైకి లేచే ఆవిరి. మంట నీలంగ ఉంటది గాబట్టి వెలుతుర్ల సరిగ కనపడదు, అందుకే లైట్లు తగ్గిస్తరు. ఇదంతా మందుతోని పని గాబట్టి మన టిఫిన్ సెంటర్లల్ల, ఫ్యామిలీ రెస్టారెంట్లల్ల దొరకదు. బార్ లైసెన్స్ ఉన్న రెస్టారెంట్లో, పెద్ద హోటల్లో వెతకాలె. మీలో ఎవరికన్న అవసరం పడితే ముందు ఫోన్ చేసి "ఫ్లాంబే ఉన్నదా, టేబుల్ దగ్గర చేస్తరా, లోపల చేసి తెస్తరా" అని అడగండి. ఇంకో మాట. మంట ఆరితే మందు పోయినట్టే అనుకోకండి. అంటించినంక కూడా 75 శాతం దాక ఆల్కహాల్ మిగులుతదని అమెరికా వ్యవసాయ శాఖ లెక్క. మందు ముట్టనోళ్లు తెలిసి నిర్ణయం తీసుకోవాలె.

చదువుతుంటే రెండు కతలు దొరికినయి. క్రేప్ సుజెట్ అని మంట పెట్టి ఇచ్చే ఫ్రెంచి అట్టు ఉన్నది. 1895ల మాంటే కార్లోల ఇంగ్లండ్ యువరాజుకు వండుతుంటే పొరపాటున అంటుకున్నదని, అట్ల తానే దాన్ని కనిపెట్టిన అని హెన్రీ షార్పాంటియే అనే వంటాయన రాసుకున్నడు. అప్పటికి ఆయన పద్నాలుగు పదిహేనేండ్ల పిల్లగాడు. అంత చిన్నోణ్ని రాజు ముందటికి ఎవరు రానిస్తరని నమ్మనోళ్లు చాలామంది.

రెండోది మా పిల్ల చూసిన అరటిపండ్ల స్వీటు, బనానాస్ ఫాస్టర్. 1951ల అమెరికాల న్యూ ఆర్లియన్స్ ఊర్ల బ్రెన్నన్స్ అనే రెస్టారెంట్ల పుట్టింది. అప్పట్ల మధ్య అమెరికా తోటల నుంచి అరటిపండ్లు వచ్చి దిగే పెద్ద రేవు అది. రిచర్డ్ ఫాస్టర్ అనే దోస్తు పేరు ఆ స్వీటుకు పెట్టిండ్రు. తిన్నోని పేరు నిలబడ్డది. గెల కోసినోని పేరు, ఓడల నుంచి మోసినోని పేరు ఎక్కడా లేదు.

నాకు హోటళ్లు ఎనక తలుపు నుంచే ఎక్కువ తెలుసు. బర్కత్‌పురల పీఎఫ్ ఆఫీసు ఉన్నది కదా, దాని ముందట ఫారాలు నింపుడు నాకు ఎన్నో ఏండ్ల పని. కుక్కులు, క్లీనర్లు, తందూర్ దగ్గర నిలబడేటోళ్లు వస్తరు. సంతకం పెట్టేటప్పుడు చెయ్యి చాపితే మోచేతి దాక కాలిన మచ్చలుంటయి. ఎంతమంది మనోళ్లో ఇంటిపేరు, ఊరిపేరు చూస్తేనే అర్థమైతది. ముందట తలుపు నుంచి పోయి కూసొని మెనూ చూసే అలవాటు నాకు తక్కువ.

మొత్తానికి హిమాయత్‌నగర్ దాటినంక ఒక బార్ అండ్ రెస్టారెంట్ల దొరికింది. పోయినం. పిల్ల కొత్త డ్రెస్ వేసుకున్నది. తలుపు దగ్గర వాచ్‌మన్ సెల్యూట్ కొడితే తిరిగి "నమస్తే అన్నా" అన్నది.

వెయిటర్ చిన్న బండి మీద స్టవ్ తోసుకొచ్చిండు. పాతికేండ్లు కూడా ఉండవు. వెన్న, చక్కెర, అరటిపండ్లు. లైటు తగ్గించిండ్రు. చిన్న కప్పుల నుంచి రమ్ము పోసి అంటించిండు. మంట భగ్గున లేచింది.

నేను కుర్చీతో సహా ఎన్కకు జరిగిన. గ్లాసు పడ్డది. పక్క టేబులోళ్లు చూసిండ్రు.

నాకు ఏడేండ్లప్పుడు ఎండాకాలంల మా వాడ కాలింది. ఎవరు అంటించలే, గాలికి పొయ్యిల నిప్పు లేచింది. ఊరి బాయి దగ్గర్లనే ఉన్నది. మా కుండలు అందుల ముంచనియ్యలే. మా నాయినలు అడుక్కుంటుంటే వాళ్లే చేదుకొని దూరం నుంచి పోసిండ్రు, పోసేసరికి పోసేదానికి ఏం మిగలలే. అందుకే 1927 మార్చి 20న బాబాసాహెబ్ మహద్‌ల చవదార్ చెరువు నీళ్లు తాగిండని మొదటిసారి విన్నప్పుడు నాకు దాహం గుర్తుకు రాలే. మంట గుర్తుకొచ్చింది. నీళ్లు ముట్టనియ్యకపోతే మంట కూడా ఆరదు.

మా పిల్లకు ఈ కత తెలుసు. నా చెయ్యి పట్టుకొని, "మామా, భయపడకు. ఇది మనం అడిగి పెట్టించుకున్న మంట" అన్నది.

ఇగ నా నోరు ఊరుకుంటదా. బాబాసాహెబ్ అదే మహద్‌ల, అదే ఏడు డిసెంబర్ 25న మనుస్మృతిని కాల్చిండు, అది కూడా మనం పెట్టిన మంటనే అన్న. 1968ల అదే డిసెంబర్ 25న తంజావూరు జిల్లా కీళ్‌వెణ్మణిల కూలి పెంచుమన్నందుకు 44 మంది దళితులను గుడిసెల పెట్టి కాల్చిండ్రు, ఎక్కువమంది ఆడోళ్లు, పిల్లలు అన్న. అదే రోజు ఇంగ్లండ్‌ల పండుగ పుడ్డింగ్ మీద బ్రాందీ పోసి అంటించుకొని చప్పట్లు కొడతరు అన్న.

"మామా, ఐస్‌క్రీం కరుగుతున్నది" అన్నది.

తిన్నం. మస్తుగున్నది. కాలిన చక్కెర కొంచెం చేదు, పండు మెత్తగ, ఐస్‌క్రీం చల్లగ. నేను మూడు చెంచాలు తిని ఆపిన. మిగిలింది పిల్ల గీకి గీకి తిన్నది. రాజ్యాంగం 15(2)ల కులం పేరుతోని ఎవరినీ దుకాణాలకు, హోటళ్లకు రాకుండ ఆపొద్దని రాసి ఉన్నది. నేను మీటింగులల్ల చెప్పంగ ఎన్నోసార్లు విన్నరు. రెండు గ్లాసుల పద్ధతి మీద కొట్లాడిన ఊర్లల్ల దాన్నే పట్టుకొని కొట్లాడినం. గని లోపలికి పోయినంక సంతోషంగ కూసొని తినుడు కూడా అందులనే ఉన్నదని ఆ పిల్ల గిన్నె గీకుతుంటే చూసి తెలుసుకున్న. మనోళ్ల సంతోషం చూసి "ఇంత అవసరమా" అని అడిగే వార్డెన్ నా లోపల ఉన్నడని చెప్పిన కదా. ఆ పొద్దు ఆయనను కొంచెం లేపి బయటికి పంపిన.

బిల్లు తెచ్చినప్పుడు పిల్ల వెయిటర్ చెయ్యి చూసింది. మణికట్టు మీద కాలిన మచ్చ.

"తమ్ముడూ, ఈ మంటతోనేనా?"

"లేదక్కా. ఇది భద్రమే. పెనం పొయ్యి మీదికెళ్లి దించి, చిన్న కప్పుతోని పోస్తం. సీసాతోని డైరెక్ట్‌గ పొయ్యొద్దు, మంట సీసాలకు ఎక్కుతది. ఇది లోపల నూనె మూకుడు."

అందరు చూడనీకి పెట్టిన మంట ఆ పిల్లగాన్ని కాల్చలే. ఎవరికీ కనపడని మంట కాల్చింది.

పాలమూరు దిక్కు పిల్లగాడు. పీఎఫ్ కట్ అయితదా అంటే, "కట్ అయితది, కడుతున్నరో లేదో తెల్వది" అన్నడు. ఇరవై మంది పనిచేసే చోట పీఎఫ్ కట్టాలె, పదిమంది ఉంటే ఈఎస్ఐ ఉండాలె, నెలకు 21,000 లోపు జీతమైతే నీకు అది హక్కు అని మా పిల్లనే చెప్పింది. యూఏఎన్ నంబర్ తోని పాస్‌బుక్ చూసుకునుడు నేను ఫోన్ల చూపించిన. మేనేజర్ ఇటు చూస్తున్నడని నంబర్ ఇచ్చి లేచినం. సోమవారం పొద్దుగాల పీఎఫ్ ఆఫీసు దగ్గరికి వచ్చిండు. ఇంకో ఇద్దరిని తోలుకొని వచ్చిండు.

అందుకే చెప్తున్న దోస్తులూ, ముఖ్యంగ అశోక్‌నగర్ రూములల్ల ఉండి ఇది చదివే తమ్ముళ్లు, చెల్లెండ్లు. మంట పెట్టి ఇచ్చే హోటల్ దొరికితే పోండి. పైసలు జమ చేసుకొని పోండి, సిగ్గుపడకండి, చప్పట్లు కొట్టండి. మంట ఆరినంక పెనం పట్టుకున్న చెయ్యి కూడా ఒకసారి చూడండి. ఒక మాట అడగండి.

తెల్లారి పిల్ల ఆ వీడియో మా అక్కకు పంపింది. అక్క ఫోన్ చేసింది. మా అవ్వ ముచ్చట తీసింది. అగ్గిపెట్టె లేని రోజులల్ల దొర ఇంటికి నిప్పుకు పోతే, అరుగు కింద నిలబెట్టి, అవ్వ పట్టిన పిడక మీద పైనుంచి నిప్పు రాల్చేటోళ్లట. సగం నిప్పు చెయ్యి మీద పడేదట. నిప్పుకు అంటు లేదంటరు, మళ్ల నిప్పులు కడిగే ఇల్లు మాదని వాళ్లే అంటరు.

"ఇప్పుడు నీ బిడ్డకు బండి మీద పెట్టుకొని తెచ్చి, ముందటికొచ్చి అంటించిండ్రు అక్కా" అన్న.

జరసేపు ఏం మాట్లాడలే. తర్వాత బిడ్డను అడిగింది, "తియ్యగున్నదానే?"

"ఉన్నదమ్మా."

"అయితే మంచిదే. ఈసారి నన్ను కూడా తోలుకపో."

వచ్చే వారం ఈఎస్ఐ కార్డు గురించి రాస్త. జై భీమ్.