మా ఊరికి రెండు సంవత్సరాదులు

ఆత్మీయ మిత్రులకు,

కెలమంగలం నుంచి రాస్తున్నాను. రోహిణి ఎండకు మీ వైపు రోళ్లు పగులుతున్నాయా, లేక ఒకటి రెండు వానలు పడి చల్లబడిందా? మా దగ్గర పొద్దుటి గాలి హాయిగానే ఉంది గానీ, మధ్యాహ్నమయ్యేసరికి చేలల్లో కాలు పెట్టలేకపోతున్నాం.

నా పోయిన ఉత్తరంలో ఉగాది ముచ్చట్లు చదివి, ‘మీరుండేది తమిళనాడు కదా, మీ సంవత్సరాది ఏప్రిల్‌లో కాదా?’ అని మీరు అనుకునే ఉంటారు. మా ఊరికి రెండూ ఉన్నాయి. పరాభవ నామ సంవత్సరం మా ఇళ్లకు 2026 మార్చి 19న వచ్చింది. హోసూరు చుట్టుపక్కల తెలుగువాళ్లకూ కన్నడిగులకూ అదే ఉగాది. ఆ రోజు తమిళనాడు ప్రభుత్వం సెలవు కూడా ఇస్తుంది. ఎదురింటి తమిళులకు అదే పరాభవ ఏప్రిల్ 14న మొదలైంది. అరవై పేర్ల వరస ఇద్దరిదీ ఒకటే. వాళ్లు సూర్యుడు మేషంలో అడుగుపెట్టేదాకా ఆగుతారు, మనం అమావాస్య వెళ్లగానే మొదలుపెడతాం. అందుకే ఈసారి మన చైత్రం ముగియవస్తుండగా వాళ్ల చిత్తిరై నెల వచ్చింది.

మా ఇంట్లో గోడకు తమిళ దినసరి క్యాలెండరు వేలాడుతుంటుంది. చీటీ మీద పెద్ద అంకెతో ఇంగ్లీషు తేదీ, పక్కన తమిళ నెల, కింద రాహుకాలం, యమగండం, ‘నల్ల నేరం’ (అంటే మంచి వేళ). ప్రయాణాలకూ బేరాలకూ అది చాలు. నోము వచ్చినా, తద్దినం వచ్చినా దేవుడి గూట్లోంచి తెలుగు పంచాంగం కిందికి దిగాల్సిందే.

ఇప్పుడు మనకు అధిక జ్యేష్ఠం నడుస్తోంది, చూశారు కదా? మే 17న మొదలైంది, జూన్ 15 దాకా ఉంటుంది. పన్నెండు చాంద్రమాసాలకు దాదాపు 354 రోజులే. సూర్యుడి ఏడాదికి 365. ఏటా పదకొండు రోజులు వెనకబడుతూ పోతే కొన్నేళ్లకు ఉగాది వేపపూత లేని కాలానికి జారిపోతుంది. సూర్యుడు రాశి మారని చాంద్రమాసం వచ్చినప్పుడు దాన్ని అధికమని లెక్కగట్టి, పెద్దలు ఆ తేడాను సరిచేశారు. రెండున్నరేళ్ల పైచిలుకుకు ఒకసారి ఇలా వస్తుంది. అందుకే వచ్చే ఉగాది 2027 ఏప్రిల్ 7న. ఎదురింటివాళ్లకు ఈ సర్దుబాటుతో పనే లేదు, వాళ్ల నెల సూర్యుడితోనే నడుస్తుంది.

అలాగని మనం చంద్రుడికే కట్టుబడ్డవాళ్లమనుకోకండి. మన కార్తెలన్నీ సూర్యుడివే. ఆయన ఇరవైఏడు నక్షత్రాల్లో ఒక్కోదాంట్లో పదమూడు పద్నాలుగు రోజులు ఉంటాడు, అదే ఒక కార్తె. ఉగాది తేదీ ఏటా మారుతుంది గానీ మృగశిర కార్తె మొదలు మాత్రం జూన్ 7, 8 తేదీలు దాటదు. వానల లెక్కకు కావలసింది ఆ నిలకడే. రాగులు విత్తే వేళకు మా పెద్దలు తిథి అడగరు, ‘ఏ కార్తె నడుస్తోంది?’ అంటారు. పూజకు చంద్రుడు, సేద్యానికి సూర్యుడు. ఇంత చక్కని ఏర్పాటును చేతిలో పెట్టుకుని, పంచాంగం కొనగానే రాశిఫలాలూ ఆదాయవ్యయాలూ చూసి మూసేస్తున్నామే అని నాకు మనసు కష్టంగా ఉంటుంది. తిథివార నక్షత్రాలను గుళ్లో అర్చకులైనా రోజూ చదువుతారు. కార్తెలను చదివేవాళ్లు ముసలి రైతులే, వాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు. మా ఊరి బడిపిల్లలకు చిత్తిరై, వైకాసి తెలుసు, జనవరి, ఫిబ్రవరి తెలుసు. ఆరుద్ర కార్తె అంటే తెల్లమొహం వేస్తున్నారు.

అందుకే మీకొక పని చెబుతున్నాను. హైదరాబాదు వైపువాళ్లు మృగశిర నాడు చేపలు తింటారని విన్నాను, మీ ఊళ్లో ఏం చేస్తారు? ఏ కార్తెలో ఏ విత్తనం వేస్తారు? మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, వాళ్లు చెప్పిన మాటల్లోనే నాకు రాసి పంపండి. తొలివాన ఏ రోజు పడిందో కూడా రాయడం మరవకండి.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
మీ కెలమంగలం నేస్తం