భస్మమైన యెముకలు, మిగిలిన చిత్రములు

పిల్లలు ముచ్చటపడి చదువు రాక్షసబల్లుల కథలలో మా మనస్సును మిక్కిలి కలచినది స్పైనోసారస్ అను డైనోసారు చరిత్రము. సుమారు 9 కోట్ల 50 లక్షల సంవత్సరముల క్రిందట అది ఉత్తర ఆఫ్రికాయందలి నదీతీరముల మసలుచు, పెద్దపెద్ద చేపలను పట్టి తినుచుండెను.

1912లో ఈజిప్టు దేశపు బహరియా ఒయాసిస్సున రిచర్డు మార్క్‌గ్రాఫ్ అనునతడు దాని యెముకలను కొన్నింటిని కనుగొనెను. దొరకినది పూర్తి యస్థిపంజరము గాదు. క్రింది దవడలో కొంత, పండ్లు, ప్రక్కటెముకలు, వెన్నుపూసలు మాత్రమే. పూసలపై నిలిచిన ముండ్లలో నొకటి 1.65 మీటర్ల పొడవు. మనలో ననేకుల నిలువెత్తును మించినది. ఎర్నెస్టు స్ట్రోమరు అను జర్మను పండితుడు వానిని శ్రద్ధతో పరిశీలించి, 1915లో ఆ మృగమునకు నామకరణము చేసి, కొలతలతోను చిత్రములతోను ప్రకటించెను.

ఆ యెముకలను మ్యూనిక్ నగరపు మ్యూజియములో నుంచిరి. యుద్ధము వచ్చినప్పుడు వానిని సురక్షిత స్థలమునకు చేర్పుడని స్ట్రోమరు వేడెను. ఆయన మాట చెల్లలేదు. 1944 ఏప్రిలు 24వ తేది రాత్రి బాంబులు పడి యవి యెల్ల నశించెను. ఆ యుద్ధముననే యాయన కుమారు లిద్దఱు మరణించిరి. ఆ తండ్రి దుఃఖము నూహింప మాకు శక్యము గాకున్నది.

అయినను చిత్రములు మిగిలినవి. మొరాకో దేశమున దొరకిన క్రొత్త యెముకలను 2014లో పండితులు వర్ణించినప్పుడు, స్ట్రోమరు వ్రాతలను చిత్రములనే వానితో సరిపోల్చి చూచిరి. 2020లో తెడ్డువంటి దాని తోక సంగతియు వెల్లడియైనది. అది నీట నీదెడిదా, ఒడ్డున నిలిచి వేటాడెడిదా యను వాదము నేటికిని తీఱలేదు. ఆ వాదమునకును పాత చిత్రములు సాక్ష్యములే.

ఇది చదివిన పిదప మేమొక పని కారంభించితిమి. మా యత్తగారికి వచ్చిన పెండ్లిపాటలు ఏ పుస్తకమునను లేవు. ఆమె కిప్పుడు ఎనుబదియేండ్లు. ప్రతి శుక్రవారమును ఆమె చెంత గూర్చుండి యొక్కొక్క పాటను వ్రాసికొనుచున్నాము. ఆమెకు జ్ఞప్తికి రాని చరణమును మేము కల్పింపము. అచ్చట ఖాళీ విడిచెదము. దొరకినంతయే దొరకినట్లు వ్రాసి యుంచినచో, మిగిలినది మఱియొక యింట, మఱియొక ముదుసలి నోట ఎవరికైన దొరకవచ్చును. మీ యిండ్లలోని పెద్దలను నేడే యడుగుడు.