రసాల దారిలో కల్లుపాక

హనుమాన్ జంక్షన్ దాటి నూజివీడు దారి పట్టేసరికి మామిడి వాసన బస్సులోకే వచ్చేసింది. మే నెల. తోటల్లో చిక్కం కట్టిన గడలతో కాయ కోస్తున్నారు. బంగినపల్లి ఒద్దికగా ట్రేలలోకి చేరుతోంది. రసాల చెట్ల కింద మాత్రం రాలి చిట్లిన పండ్లు ఎండకు పులిసి, సన్నగా నురగ కక్కుతున్నాయి. వాటి మీద ముసిరిన ఈగలకు పట్టపగలే నిషా ఎక్కినట్టుంది.

కౌటిల్యుడు గుర్తొచ్చాడు. అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడి గురించి రాస్తూ, సుర రకాల్లో మామిడి చేర్చిన సహకార సురనూ లెక్కేశాడాయన. బియ్యంతో చేసే మేదకం పులవడానికి కావలసిన కిణ్వాన్ని మినుములు, బియ్యం కలిపి చేయమన్నాడు. మన ఇడ్లీ పిండి సరుకే! గింజను పులియబెట్టి చేసేది కాబట్టి మేదకం బీరుకు దగ్గర చుట్టమే.

గింజతో వచ్చిన చిక్కేమిటంటే అందులో ఉండేది పిండి. అది చక్కెరగా మారితే గాని పులియదు. అందుకే సుమేరియన్లు బార్లీని నానబెట్టి మొలకెత్తించారు. నింకాసి అనే బీరు దేవతనే కొలుచుకున్నారు. జపాన్‌లో బియ్యానికి బూజు పట్టించారు. ఆండీస్ కొండల్లో మొక్కజొన్నను నమిలి ఉమ్మి మరీ చిచా చేశారు. నూజివీడు పొలం గట్ల మీద ఇంత తతంగం అక్కర్లేదు. తాడిచెట్టు చక్కెర నీళ్లనే నేరుగా లొట్టిలోకి దించుతుంది.

ఊరి చివర కల్లుపాక దగ్గర ఆగాను. గీత గీసే పెద్దాయన అప్పుడే చెట్టు దిగి, మోకు విప్పుకుంటున్నాడు. "ఇంకాస్త పెందలాడే రావాల్సిందండి, ఎండెక్కితే పులుపెక్కిపోద్ది" అంటూ తాటాకు దొప్పలో పోశాడు. ముందు తీపి, వెనకే చిన్న పులుపు, ముక్కుకు తగిలే గ్యాసు. ఇందులో ఆల్కహాలు 4–5 శాతం దాకా ఉంటుంది, బీరుకు ఇంచుమించు సమానం. నాకైతే సీసా బీరు కన్నా ఇదే నచ్చింది. చెట్టు కిందే తాగితే మత్తుమందు కలిపిన కల్లు భయమూ ఉండదు.

"ఇందులో ఏమీ కలపరా?" అన్నాను.

"ఏం కలపాలండీ? పాత లొట్టి కడితే అదే పొంగుద్ది. తియ్యగా ఉండాలంటే లోపల సున్నం రాస్తాం, పులవదు."

పాత లొట్టిలో అంటుకుని ఉండేది ఈస్టు. 1516లో బవేరియా పాలకులు బీరులో బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప మరేమీ వాడకూడదని శాసించినప్పుడు ఈస్టు పేరే ఎత్తలేదు. దాని పని ఏమిటో పాశ్చర్ 1876లో బీరు మీద ఒక పుస్తకమే రాసి వివరించాడు. 1883లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో హాన్సెన్ ఒక్క కణం నుంచి శుద్ధమైన ఈస్టును పెంచాడు. అక్కడి నుంచి బీరు రుచి ఏ పీపా తెరిచినా ఒకేలా ఉండటం మొదలైంది. కల్లు ఆ బడికి వెళ్లలేదు. పక్కపక్క చెట్ల కల్లే ఒక రుచిలో ఉండదు.

హాప్స్ అనే తీగ పూలు బీరుకు చేదునిస్తాయి, చెడిపోకుండానూ కాపాడతాయి. ఆ పూలు దండిగా వేసిన బీరు పీపాలే 18వ శతాబ్దం చివర్లో లండన్‌లో ఓడెక్కి, నెలల తరబడి సముద్రం మీద ఊగి, మన దేశంలోని కంపెనీ దొరల బల్లల మీదికి చేరాయి. కల్లుకు అలాంటి కాపు లేదు. బీరు పరిశ్రమ అయి, కల్లు చెట్టు కిందే ఉండిపోవడానికి పెద్ద కారణం అదేనని నాకనిపిస్తుంది.

ఒక సీసా బెజవాడ పట్టుకెళ్తానంటే పెద్దాయన నవ్వాడు. "మూత బిగిస్తే పేలుద్దండి, బిగించకపోతే ఒలికిపోద్ది. ఇక్కడే తాగండి."

మామిడిలోనూ ఇదే తేడా. కండ బిగువుది కాబట్టి బంగినపల్లి లారీలెక్కి ఎంత దూరమైనా పోతుంది. చేతిలో నలిపి పీల్చుకోవాల్సిన చిన్న రసం పండాక ప్రయాణానికి తట్టుకోదు. ఇంటికి బంగినపల్లి కొన్నాను. రసాలు తోట గట్టు మీదే కూర్చుని, మోచేతుల దాకా కారుతుంటే తినేశాను.