వైద్య విద్యలో రెండవ మెట్టు

వైద్య విద్యలో మొదటి సంవత్సరం చాలావరకు మృతదేహం సన్నిధిలో గడుస్తుంది. మృతదేహానికి తొందర లేదు. అది ఎదురు ప్రశ్న వేయదు. ఎముకల పేర్లూ, నరాల దారులూ కంఠస్థం చేసిన విద్యార్థి ఎలాగో పరీక్ష గట్టెక్కుతాడు. రెండవ ఏట మంచం మీది మనిషి కళ్లు తెరచి అతని వంక చూస్తాడు. 2019లో అమలులోకి వచ్చిన పాఠ్యప్రణాళిక తొలి ఏడాదిలోనే రోగిని కొంత పరిచయం చేస్తున్నది గాని, వార్డులలో క్రమబద్ధమైన శిక్షణ ఆరంభమయ్యేది రెండవ ఏటనే. రోగ విజ్ఞానం, సూక్ష్మజీవ శాస్త్రం, ఔషధ శాస్త్రం అప్పుడే అతని భుజాన పడతాయి.

ఈ మూడింటికీ సిద్ధపడడం ఎలాగో చెప్పడానికి కలకత్తాను మించిన నగరం లేదు. అక్కడి వైద్య కళాశాల 1835లో వెలసింది. ఆ గోడ పక్కనే కాలేజీ స్ట్రీట్, దాని పొడవునా పాత పుస్తకాల దుకాణాలు. మొదటి ఏటి పరీక్షలు ముగియగానే ఆ పుస్తకాలను అక్కడ అమ్మివేసి, ఆ డబ్బుతో రాబిన్స్ రోగ విజ్ఞానాన్నీ, త్రిపాఠి ఔషధ శాస్త్రాన్నీ కొనాలని విద్యార్థి ఉబలాటపడతాడు. కొనడం మంచిదే. అమ్మడమే తొందరపాటు.

ఎందుకో కలరా కథ చెబుతుంది. చిన్న ప్రేగు గోడలో సోడియం, గ్లూకోజు జంటగా ఒకే వాహకం మీద లోపలికి పోతాయని 1960లో రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించాడు. వాటి వెంట నీరూ పోతుంది. మొదటి సంవత్సరం విద్యార్థి ఈ పాఠాన్ని మార్కుల కోసం వ్రాసి మరచిపోతాడు. అంతకు ఒక్క ఏడాది ముందు, 1959లో, కలకత్తా వైద్య కళాశాలలో శంభునాథ్ దే మరొక సంగతి లోకానికి వెల్లడించాడు. కుందేలు ప్రేగులో కొంత భాగాన్ని రెండు చోట్ల ముడివేసి, కలరా క్రిములను పెంచి, క్రిములు లేకుండా వడగట్టిన ద్రవాన్ని అందులోకి ఎక్కించాడు. ప్రేగు నీటితో ఉబ్బింది. రోగి ఒంటిలోని నీటిని తోడివేసేది క్రిమి విడుదల చేసే విషమని దానితో రుజువైంది. ఇది రెండవ సంవత్సరపు పాఠం.

ఈ రెండు పాఠాలూ కలిసినచోట ప్రాణాలు నిలిచాయి. 1971లో తూర్పు బెంగాల్ నుంచి లక్షలాది శరణార్థులు సరిహద్దు దాటి వచ్చారు. బన్‌గావ్ శిబిరంలో కలరా చెలరేగింది. నరాలలోకి ఎక్కించే సెలైను అడుగంటింది. కలరా విషం ప్రేగును ఎంత పీడించినా సోడియం, గ్లూకోజుల జంట వాహకాన్ని చెరపదు. దిలీప్ మహలనబీస్ ఆ తలుపునే తట్టాడు. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా కలిపించి, రోగుల బంధువుల చేతనే త్రాగించాడు. సుమారు 30 శాతంగా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. తొలి ఏటి పుస్తకాన్ని అమ్ముకొన్నవాడికి ఈ మందు పేరు తెలుస్తుంది. అది పనిచేసే తీరు మాత్రం తెలియదు.

రెండవ ఏడు కోరే మరొక గుణం ఓపిక. సూక్ష్మదర్శిని క్రింద గులాబి, ఊదా రంగుల కణాలను చూచి, పెన్సిళ్లతో బొమ్మలు వేసేటప్పుడు విద్యార్థికి విసుగు పుట్టడం సహజం. అటువంటి వేళ తెలుగువారికి బాగా తెలిసిన ఒక పేరును తలచుకోవాలి. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని చూచాడు. అంతలో బదిలీ వచ్చి పని ఆగింది. 1898లో కలకత్తా చేరి, పక్షులలో వచ్చే మలేరియాను చేపట్టి, క్రిమి దోమ లాలాజల గ్రంథులకు చేరే మార్గాన్ని పట్టుకొన్నాడు. నేటి విద్యార్థి అరగంటలో చదివి ముగించే ఆ పటం వెనుక వేల దోమల కోత ఉన్నది.

ఈ సెలవులలో విద్యార్థి చేయదగినది కొండంత కాదు. కంటినిండా నిద్రపోవాలి. రోజుకొక గంట శరీర ధర్మ శాస్త్రాన్ని తిరిగి తెరచి, ప్రతి వాక్యం వద్దా "ఇది చెడితే ఏమవుతుంది?" అని తనను తాను అడగాలి. ఆ ప్రశ్నకు దొరికే జవాబే రోగ విజ్ఞానం. చెడినదాన్ని సరిదిద్దే ఉపాయమే ఔషధ శాస్త్రం.

అఖిల భారత కోటాలో సీటు దొరికి కలకత్తా చేరిన తెలుగు విద్యార్థికి అదనంగా మరొక పుస్తకం ఉన్నది. అది రోగి భాష. వంగ భాషలో జ్వరాన్ని జ్వరమనే వ్రాసి, "జొర్" అని పలుకుతారు. నొప్పిని "బ్యథా" అంటారు. అది మన వ్యథయే. తెలుగులో ఆ మాట మనస్సుకు కలిగే బాధను చెబుతుంది. వంగ దేశపు రోగి పొట్ట మీద చేయి వేసి అదే మాట పలుకుతాడు. ఒంటి నొప్పి వెనుక మనసు కూడా బాధపడుతూ ఉంటుందని ఆ ఒక్క మాట గుర్తుచేస్తుంది. ఆ మాటను చెవిని పెట్టగలిగిన విద్యార్థి రెండవ మెట్టు మీద కాలు మోపినట్లే.