మారిస్ మైనరు కోనసీమ ప్రయాణం

ప్రయాణమంటే ఎవరికైనా ముందు వచ్చే ప్రశ్న ఏ బండిలో వెళ్ళాలన్నది. రైలా, బస్సా, సొంత కారా అని ఇంటిల్లిపాదీ తర్జనభర్జన పడతారు. కాని బండినే ఒక వూరి నుంచి మరొక వూరికి తరలించవలసి వచ్చి, అది తన కాళ్ళ మీద నడిచి రావడమా, మరొక బండి నెక్కి రావడమా అన్న ప్రశ్న పుడితే, ఆ తర్జనభర్జన అంత తేలికగా తెమలదు. పాతకార్లు వున్న ఇళ్ళలో ఈ వాదం ఎప్పుడో ఒకప్పుడు రాక తప్పదు. "నడవని కారు కారెందుకయింది?" అనేది ఒక పక్షం. "డెబ్బై ఏళ్ళు దాటినదాన్ని ఆరువందల కిలోమీటర్లు నడిపిస్తారా?" అనేది మరొక పక్షం. మా ఇంట్లో ఈ రెండు పక్షాలూ మొన్న మాఘమాసంలో మోహరించాయి.

వాదానికి మూలమైన కారు 1954 నాటి మారిస్ మైనరు. మా మావగారి తండ్రిగారు కోనసీమలో, అంబాజీపేట దగ్గర ఒక పల్లెలో వైద్యం చేసేవారు. ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన మరుసటి సంవత్సరం ఆయన మద్రాసు వెళ్ళి ఆ కారు కొన్నారు. మావగారు ఉద్యోగరీత్యా మద్రాసులో స్థిరపడ్డాక, 1976లో, దాన్ని తామే నడుపుకుంటూ, ఒంగోలులో ఒక రాత్రి మకాం చేసి, అక్కడికి చేర్చారు. అప్పటినుంచీ అది మాంబళంలో వారి ఇంటి పక్క షెడ్డులో వుంది. ఇప్పుడు మావగారికి డెబ్బై ఎనిమిదేళ్ళు. పాత ఇల్లు పడగొట్టి అపార్టుమెంటు కట్టడానికి ఇచ్చేశారు. తామూ అత్తగారూ సొంతవూరు వెళ్ళిపోవాలని నిశ్చయించుకున్నారు. సామాను లారీలో వెళుతుంది. మనుషులు ఎలాగో వెళతారు. మరి కారు?

"కారు రోడ్డు మీదే వస్తుంది, అల్లుడుగారూ. నడుపుకుంటూ తెచ్చాను, నడుపుకుంటూనే తీసుకువెళతాను. దాన్ని శవంలా లారీ మీద మోయించడం నా వల్ల కాదు" అన్నారు మావగారు.

ఆయనకు కిందటేడు గుండెకు స్టెంటు వేశారు. దూరప్రయాణాలలో స్టీరింగు పట్టవద్దని డాక్టరు మరీమరీ చెప్పారు. ఆ సంగతి గుర్తు చేస్తే మా ఆవిడ మీద కోప్పడ్డారు. అత్తగారు మాత్రం నన్ను వంటింటి గుమ్మం దగ్గరకు పిలిచి, "కాదంటే ఆయన అన్నం మానేస్తారు. అవునంటే నా ప్రాణం వుండదు. మీరే ఏదో ఒకటి చెయ్యండి, బాబూ" అన్నారు. కాలేజీకి వారం రోజులు సెలవు పెట్టి ఆ 'ఏదో ఒకటి' చెయ్యడానికి పూనుకున్నాను.

కారు పరీక్ష

మారిస్ మైనరు 1948లో లండను ఎర్ల్స్‌కోర్టు ప్రదర్శనలో లోకానికి కనబడింది. దాన్ని రూపొందించినవాడు అలెక్ ఇసిగోనిస్. ఆ తరువాత 1959లో మినీ కారు తయారుచేసి మరింత పేరు గడించినవాడు ఆయనే. కంపెనీ అధిపతి లార్డ్ నఫీల్డుకు మైనరు గుండ్రని రూపం నచ్చక, నీళ్ళలో వుడికించిన కోడిగుడ్డులా వుందన్నాడట. ఆ కోడిగుడ్డే పదిలక్షలకు మించి అమ్ముడుపోయిన మొదటి ఇంగ్లీషు కారయింది. మా కారుది 803 సి.సి. ఇంజను, ముప్ఫై గుర్రాల బలం. కొత్తలోనే గంటకు వంద కిలోమీటర్లు అందుకోవాలంటే దానికి ఆయాసం వచ్చేది. ఇప్పుడు యాభై, యాభై అయిదు దగ్గర హాయిగా వుంటుంది.

చెన్నైలో పుదుప్పేట పాతబళ్ళ విడిభాగాలకు పుట్టిల్లు. అక్కడ నలభై ఏళ్ళుగా షెడ్డు నడుపుతున్న ఒక పెద్దమనిషిని తీసుకువచ్చి కారు చూపించాము. రెండుసార్లు హ్యాండిలు తిప్పేసరికి ఇంజను అందుకుంది. మావగారి ముఖం వికసించింది. మెకానిక్కు మాత్రం ఇంజను వంకే చూడలేదు. చాపమీద వెల్లకిలా పడుకుని కారు కిందికి దూరాడు. "ఇంజను ఆగిపోతే బండి రోడ్డు పక్కన ఆగుతుంది, సార్. బ్రేకు పోతే ఎక్కడ ఆగుతుందో ఎవరు చెప్పగలరు?" అన్నాడు.

ఆయన చూపించిన వాటిలో మొదటిది టైర్లు. గీతలు చూస్తే కొత్తవాటిలానే వున్నాయి. కాని టైరు పక్కగోడ మీద నాలుగంకెలు వుంటాయి. మొదటి రెండూ వారాన్నీ, తరువాతి రెండూ సంవత్సరాన్నీ చెబుతాయి. మా టైర్ల మీద 3109 అని వుంది. అంటే 2009లో ముప్ఫై ఒకటో వారంలో తయారైనవి. అరగకపోయినా రబ్బరుకు వయస్సు వస్తుంది. ఎండలో, వేగంలో అది హఠాత్తుగా విడిపోవచ్చు. రెండవది బ్రేకులు. నాలుగు చక్రాలకూ డ్రమ్ముబ్రేకులే. లోపలి రబ్బరు గిన్నెలు గట్టిపడ్డాయి. మూడవది ముందుచక్రాలను మోసే ట్రనియన్ అనే మరల కీలు. దానికి గ్రీజు అందకపోతే అరిగిపోయి ఒకనాడు జారిపోతుంది. చక్రం లోపలికి ముడుచుకుని కారు ముందుకు చతికిలబడుతుంది. మారిస్ మైనరు వున్నవారంతా భయపడేది దీనికే.

నాలుగవది పెట్రోలు. 2025 నుంచి మన బంకులలో పోసే పెట్రోలులో నూటికి ఇరవై పాళ్ళు ఇథనాలు కలుస్తున్నది. 1954 నాటి రబ్బరు గొట్టాలను అలాంటి పెట్రోలుకోసం చెయ్యలేదు. అవి వుబ్బి, మెత్తబడి, కారడం మొదలుపెడతాయి. వేడి ఇంజను మీద పెట్రోలు కారితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. అందుచేత గొట్టాలన్నీ మార్పించాలి.

ఇవన్నీ బాగుచేయించవచ్చు, చేయించాము కూడా. ఇక ఖర్చు సంగతి. పెట్రోలు, దారిలో రెండు రాత్రుల బస, వెంట మెకానిక్కు, వాడి తిరుగు ప్రయాణం కలిపి చూస్తే లారీ కిరాయికి పెద్ద తేడా కనిపించలేదు. డబ్బు లెక్క మా వాదాన్ని తేల్చలేదు.

రోడ్డు పరీక్ష

కారును పరీక్షించడానికి మనిషి దొరికాడు గాని రోడ్డును పరీక్షించడం మా వంతే అయింది. మావగారి మనస్సులో వున్న రోడ్డు 1976 నాటిది. రెండు వైపులా చింతచెట్లూ వేపచెట్లూ. వూరు రాగానే రోడ్డు వూళ్ళోకి వెళ్ళేది. సూళ్ళూరుపేటలో కాఫీ, గూడూరులో పంక్చరు, నెల్లూరులో భోజనం. ఎడ్లబళ్ళకు దారి ఇస్తూ నలభై మీద నడిపినా వెనకనుంచి హారను కొట్టేవారు లేరు.

ఆ రోడ్డే అయిదవ నంబరు జాతీయరహదారి. 2010లో నంబర్లు మార్చినప్పుడు పదహారవది అయింది. ఇప్పుడు వూళ్ళన్నీ దానికి దూరంగా తప్పుకున్నాయి. తడ దాటితే కుడిచేతివైపు పులికాట్ గాలి తగులుతుంది గాని, నెల్లూరు వచ్చిన సంగతి పచ్చబోర్డు చెబితేనే తెలుస్తుంది. ఇలాంటి విభజించిన రోడ్లమీద కార్లకు గంటకు వంద కిలోమీటర్ల వరకూ అనుమతి వుంది. వంద మీద వచ్చేవాడి ముందు యాభై మీద వెళ్ళే బండి దాదాపు నిలబడి వున్నట్టే లెక్క. మైనరుకు వెనక దీపాలు రూపాయి బిళ్ళంత. పక్కకు తిరిగేటప్పుడు తలుపు పక్కనుంచి చిన్న చెయ్యిలాంటి రేకు లేచి నిలబడుతుంది. ఈ కాలపు బస్సు డ్రైవరు దాన్ని చూడడు, చూసినా అదేమిటో తెలుసుకోలేడు. సీటుబెల్టులు లేవు. ముసలిబండి తప్పేమీ లేకుండానే ప్రమాదం దాని వెనకనుంచి రావచ్చు.

ఈ మాటలన్నీ విని మావగారు, "సరే, వెనకనుంచి వచ్చేవాడికి కళ్ళుండవా?" అన్నారు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఎవ్వరమూ ఎక్కువ మాట్లాడలేదు.

పంటు కథ

మర్నాడు వాదాన్ని కదిలించింది మా అమ్మాయి. తొమ్మిదో తరగతి చదువుతున్నది. భూగోళంలో గోదావరి పాయలు నేర్చుకున్నట్టుంది. "తాతగారూ, 1954లో కారు కొన్నప్పుడు వంతెనలు లేవు గదా, కోనసీమలోకి ఎలా వెళ్ళింది?" అని అడిగింది.

మావగారు ఆ రోజు గురించి చెప్పడం నేను ఎన్నోసార్లు విన్నాను. అయినా ఆ పూట కొత్తగా విన్నట్టే వున్నది. ఆయనకప్పుడు ఏడేళ్ళు. తండ్రిగారితోపాటు రేవుకు వెళ్ళారట. రేవులో పంటు మీదికి రెండు దిట్టమైన బల్లలు వేసి, పదిమంది తాళ్ళు పట్టుకుని, కారును ఎక్కించారు. చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు పెట్టారు. సరంగు వాలు చూసి పంటు వదిలాడు. అవతలి వొడ్డు చేరేదాకా డాక్టరుగారు కారులో కూర్చోక, బానెట్ మీద చెయ్యి వేసి, పక్కనే నిలబడి వున్నారు.

"ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అని నాన్నగారు ఆ రోజే చెప్పారే అమ్మా" అని నవ్వారు మావగారు.

తెలుగు పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి నేను వూరుకోలేకపోయాను. "మావగారూ, ఆ సామెతను మనం భాగ్యం తారుమారు కావడానికి వాడుకుంటున్నాం గాని, దాని మొదటి అర్థం సూటిగానే వుంది. మెట్టమీద తయారైన ఓడ నీటిదాకా బండి మీద వస్తుంది. ఏరు అడ్డం వచ్చినప్పుడు బండి ఓడ మీద దాటుతుంది. ఇందులో ఎవరికీ చిన్నతనం లేదు" అన్నాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "అయితే రావులపాలెం దాకా అంతా ఏరే అంటారు" అన్నారు.

"వరద మీద వున్న ఏరు, మావగారూ."

"రావులపాలెంలో దింపాలి. అక్కడినుంచి మన వూరు దాకా దాని కాళ్ళమీదే రావాలి."

అత్తగారు వంటింట్లోంచి నాకేసి చూసి, లోపలికి వెళ్ళిపోయారు.

లారీ ప్రయాణం

లారీలో పంపడమంటే ఎక్కించి పంపేయడం కాదు. మేము మొదట అడిగిన ఏజెంటు ఒకడు కారును వేరే సామానుతో కలిపి, తాళ్ళను బంపర్లకు బిగించి తెస్తానన్నాడు. అతన్ని వద్దన్నాము. తాళ్ళు బాడీకి వేస్తే, కారు తన స్ప్రింగుల మీద వూగినప్పుడల్లా అవి వదులవుతాయి. పట్టీలు చక్రాలకే వేసి బిగించాలి. అప్పుడు బాడీ వూగినా చక్రం కదలదు. టాంకులో పెట్రోలు కొద్దిగానే వుంచాలి. బ్యాటరీ తీగ వూడదీయాలి. ఎక్కించేముందు నాలుగు వైపులా ఫోటోలు తీసుకోవాలి. మామూలు కారు ఇన్సూరెన్సు వుంది గదా అని వూరుకోక, రవాణాకు వేరే ఇన్సూరెన్సు అడిగి తీసుకోవాలి.

కాగితాల సంగతి కూడా వుంది. యాభై ఏళ్ళు దాటిన బళ్ళకు 2021లో కేంద్రప్రభుత్వం ప్రత్యేక నియమాలు చేసింది. వాటి ప్రకారం 'వి.ఏ.' అక్షరాల నంబరు తీసుకుంటే ఆ బండిని ప్రదర్శనలకూ ర్యాలీలకూ, పెట్రోలు పోయించడానికీ, మరమ్మత్తులకూ తిప్పవచ్చు గాని రోజువారీ వాడకం కూడదు. మావగారు ఆ నంబరు తీసుకోలేదు. అయిదేళ్ళకోసారి కారును చూపించి పాత రిజిస్ట్రేషనే పొడిగించుకుంటూ వచ్చారు. ఇప్పుడు రాష్ట్రం మారుతున్నది కాబట్టి అక్కడి ఆఫీసునుంచి నిరభ్యంతర పత్రం తీసుకుని, ఏడాదిలోగా ఇక్కడ నంబరు వేయించాలి.

తెల్లవారుజామున లారీ కదిలింది. వెనకనే మా కారులో మేము. మావగారు ముందు సీటులో కూర్చుని, ముందు వెళుతున్న మైనరు మీదనుంచి చూపు తిప్పలేదు. ఒంగోలు దగ్గర, "అప్పుడు మకాం చేసిన లాడ్జి వూళ్ళో ఎక్కడో వుండాలి" అన్నారు. రోడ్డు మాత్రం వూళ్ళోకి వెళ్ళనే లేదు. చిలకలూరిపేట ఇవతల ఒక లారీ టైరు పగిలి కుడివరసలో అడ్డంగా ఆగిపోయింది. వెనక వస్తున్న బస్సు కీచుమని పక్కకు తప్పుకుంది. మా కారు బ్రేకులు పట్టాయి కాబట్టి మేమూ ఆగాము. మావగారు కాసేపటికి నెమ్మదిగా, "మైనరయితే ఆగేది కాదు" అన్నారు. ఆ తరువాత ఆయన సీటుకు చేరబడి కృష్ణ వచ్చేదాకా నిద్రపోయారు.

గట్టు మీద

ఏలూరులో రాత్రి ఆగి, మర్నాడు వుదయం సిద్ధాంతం దగ్గర వశిష్ఠ గోదావరి దాటి రావులపాలెం చేరాము. అరటిగెలల లారీల మధ్య కాస్త జాగా చూసి మైనరును దింపారు. రెండోసారి హ్యాండిలు తిప్పగానే అందుకుంది. స్టీరింగు నేను పట్టాను, మావగారు పక్కన కూర్చున్నారు. వెనక అత్తగారూ మా అమ్మాయీ. మా ఆవిడ మా కారులో వెనక వచ్చింది.

అక్కడినుంచి వున్నది ఓ పాతిక కిలోమీటర్లు. గంటపైన పట్టింది. కాలవ పక్కన కొబ్బరినీడలో ముప్ఫై అయిదు మీద వెళుతూ వుంటే, ఆ కారును ఎవరు ఏ రోడ్డుకోసం తయారుచేశారో అప్పుడు తెలిసింది. అద్దాలు దించితే తడిమట్టి వాసన. సైకిలు వాళ్ళు మాతోపాటే వచ్చి పలకరించి వెళ్ళారు. కొత్తపేటలో మలుపు దగ్గర ఆ రేకు చెయ్యి లేస్తే, బడిపిల్లలు ఆగి చప్పట్లు కొట్టారు. వూరి మొదట్లో రావిచెట్టు కింద కూర్చున్న ఒక ముసలాయన కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "డాక్టరుగారి కారు" అన్నాడు. ఆ డాక్టరుగారు పోయి నలభై ఏళ్ళు దాటింది. మావగారు కారు ఆపమని దిగి, ఆయన చేతులు పట్టుకుని ఏదో చెప్పబోయి, చెప్పలేకపోయారు.

తోట గేటు దగ్గర నేను దిగి స్టీరింగు ఆయనకిచ్చాను. గేటు నుంచి ఇంటిదాకా వున్న నూరుగజాల బాటా సొంతానిది. ఆయన మొదటి గేరులోనే, ఎక్కడా తొందరపడకుండా, అరుగు దాకా నడిపించారు.

పాతకారు వున్న మిత్రులు ఎవరైనా ఇలాంటి వాదంలో పడితే నేను చెప్పగలిగింది ఒక్కటే. కారు వయస్సు ముందు అడగకండి, రోడ్డు వయస్సు అడగండి. కారు పుట్టినప్పుడు వున్నలాంటి రోడ్డు దొరికినంతమేరా దాన్ని నడిపించండి. మిగిలినచోట మోయించండి.

ఇప్పుడు మైనరు వారానికోసారి అంబాజీపేట దాకా వెళ్ళి వస్తున్నది. "మద్రాసునుంచి లారీ మీద తెచ్చారటగా?" అని ఎవరైనా అడిగితే మావగారు ఒప్పుకోవడం లేదు.

"లారీ కాదండీ, పంటు" అంటున్నారు.