కొత్త బంతి కొన్న కథ

సంచిక సంపాదకుడు మా క్లాసువాడే. "క్రికెట్ టీములో ఉన్నావు గదా, ఒక వ్యాసం రాయి. స్కోర్లు మాత్రం రాయొద్దు, అవి క్రీడల నివేదికలో ఎట్లాగూ వస్తాయి" అన్నాడు. స్కోర్లు తీసేస్తే నా క్రికెట్‌లో మిగిలేది ఒక బంతి. అందుచేత ఆ బంతిని గురించే రాస్తున్నాను. వ్యాసం బాగులేకపోతే దోషం సంపాదకుడిది.

నన్ను ఎరిగినవారికి తెలుసు, నేను నా క్లాసులో అందరికన్నా నాలుగేళ్ళు పెద్ద. ఫస్టియర్ పిల్లలు నన్ను చూసి "నమస్తే సార్" అని, తర్వాత నాలుక కరుచుకున్న సందర్భాలున్నాయి. ఇంటర్ ముగిసిన ఏడు మా నాయనకు చూపు మందగించింది. ధర్మవరంలో పట్టుచీరలు నేసేవానికి చూపే పెట్టుబడి. తెగిన పోగును వెతికి అతకాలి, జరీ బుటా లెక్క తప్పితే చీర చెడినట్టే. ఇంట్లో మగ్గం ఆగిపోయింది. నేను ఒక పవర్‌లూమ్ షెడ్డులో కూలికి చేరాను. రెండో ఏడు, ఒక రాత్రి షిఫ్టులో, నా కుడిచేతి చూపుడువేలు బెల్టులో చిక్కింది. పై కణుపు పోయింది. యజమాని ఆసుపత్రి ఖర్చులో సగం ఇచ్చి, మిగతా సగానికి మంచి మాటలు చెప్పాడు.

నాయన ఆ వేలి గురించి ఒక్క మాట అనలేదు. అన్నం తినేటప్పుడు నా చేతివైపు చూసేవాడు కాదు. చూపు తక్కువ గదా అని అమ్మ అనుకునేది. ఆ మాత్రం ఆయనకు కనబడుతుందని నాకు తెలుసు.

తమ్ముడికి పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో పని దొరికాక నేను షెడ్డు మాని కాలేజీలో చేరాను. చేరిన వారానికే నోటీసు బోర్డు మీద క్రికెట్ సెలెక్షన్ కాగితం కనబడింది. హైస్కూల్లో నేను ఫాస్ట్ బౌలర్ని. ఔట్‌స్వింగర్ నా ఆస్తి. పేరు ఇచ్చేశాను. చెయ్యి జేబులో ఉంది గనక కెప్టెన్ ఏమీ అడగలేదు.

సెలెక్షన్‌కి నెల రోజులుంది. ధర్మవరం బజారులో ఒక కార్కు బంతి కొన్నాను. చవక, గట్టిది, ఏడాదైనా అరగదు. చిత్రావతి ఒడ్డున ఒక మొండిగోడకు మూడు గీతలు గీసి వెయ్యడం మొదలుపెట్టాను. ఔట్‌స్వింగర్‌కి చూపుడువేలు, నడిమివేలు రెండూ కుట్టుకు అటూ ఇటూ సమంగా నిలబడాలి. చివరి క్షణం దాకా బంతిని పట్టుకొని వదిలేది ఆ రెండు వేళ్ళ కొసలే. నాకు ఒక కొస లేదు. బంతి ఒకవైపు జారిపోయేది. కార్కు బంతికి చేతికి తగిలే కుట్టు కూడా లేదాయె. పదిలో ఎనిమిది గోడకే తగల్లేదు. ఒక సాయంత్రం బంతి కోసం తుమ్మకంపలో వెతుకుతూ తల ఎత్తితే గట్టు మీద నాయన నిలబడి ఉన్నాడు. ఎప్పటినుంచి ఉన్నాడో తెలియదు. "పొద్దు గూకింది, రా" అని మాత్రం అన్నాడు.

ఆ శనివారం నాయనను హిందూపురంలో కంటి డాక్టరుకు చూపించాలి. దారిలో పెనుకొండలో దిగి రాత్రికి మేనత్త ఇంట్లో ఉన్నాం. నేను హైస్కూలు చదివింది ఆ ఊళ్ళోనే. నాకు బంతి పట్టుకోవడం నేర్పిన డ్రిల్ సార్ రిటైరై అక్కడే ఉన్నారు. తెల్లవారి గ్రౌండుకు పోతే, కొండకు ఎదురుగా కుర్చీ వేసుకొని పిల్లల్ని పరుగెత్తిస్తున్నారు.

"ఏమిరా, ఇన్నేండ్లకు గుర్తొచ్చినానా? ఏదీ, చెయ్యి చూపి" అన్నారు. ఎవరో చెప్పి ఉంటారు. చూపించాను. వేళ్ళన్నీ ఒక్కొక్కటే వంచి చూశారు, డాక్టరు చూసినట్టు.

"పోయిన వేలితో బౌలింగ్ చెయ్యాలని చూస్తాండావు. ఎట్ల అయితాదిరా? ఉండే వేళ్ళ సంగతి చెప్పు."

"ఏం చెయ్యమంటారు సార్?"

"లెగ్‌బ్రేక్ వెయ్యి. ఆఫ్‌స్పిన్ అయితే చూపుడువేలే తిప్పల్ల, అది నీతో కాదు. లెగ్‌బ్రేక్‌కి తిప్పేది మణికట్టు, ఉంగరపు వేలు. చూపుడువేలు ఊరికే తోడు నిలబడితే చాలు. నీ ఉంగరపు వేలు ఇనుప కడ్డీ మాదిరి ఉండాది."

నాకు నచ్చలేదు. ఫాస్ట్ బౌలర్ని స్పిన్ వెయ్యమంటే గుర్రాన్ని దిగి ఎద్దుబండి ఎక్కమన్నట్టుంటుంది. నా ముఖం చూసి ఆయన కొండవైపు చెయ్యి చూపారు. "1565లో తళ్ళికోట దగ్గర ఓడిపోయినాక విజయనగరమోళ్ళు యాడికొచ్చిరి? ఈడికే గదా. హంపీ లేదని ఏడుస్తా కూర్చోలేదు. ఉండే కొండ మీదనే రాజ్యం చేసిరి. పో, మంచి కుట్టు ఉండే బంతి కొనుక్కో. ఆ కార్కు గుండు పారెయ్యి."

గుర్రం మీద నుంచి దిగక తప్పలేదు.

హిందూపురంలో కంటి డాక్టరు పని పదకొండుకల్లా అయింది. తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ ఒకేసారి వినబడే ఆ బజారులో ఒక చిన్న ఆటసామాన్ల అంగడి ఉంది. సరుకు బెంగళూరు నుంచి వస్తుంది. నాయనను బయట బెంచీ మీద కూర్చోమన్నాను. ఆయన కూర్చోకుండా నా వెనకే లోపలికి వచ్చాడు.

అంగడి పెద్దాయన మూడు రకాలు ముందు పెట్టాడు. మొదటిది రెండు ముక్కల బంతి: తోలు రెండు చిప్పలుగా చేసి నడుమ కుట్టింది. రెండోది నాలుగు ముక్కలది: ఒక్కొక్క చిప్ప మళ్ళీ రెండు ముక్కలు, లోపలివైపు నుంచి అతికింది. ధర ఎక్కువ. రెండూ పెద్దల బంతులే, బరువు అయిదున్నర నుంచి అయిదుముప్పావు ఔన్సులు, అంటే 156 నుంచి 163 గ్రాములు. మూడోది పిల్లల బంతి, నాలుగుముప్పావు ఔన్సులది.

ఆ పిల్లల బంతి చేతిలోకి తీసుకున్నాను. ఎంత హాయిగా కూర్చుందో చెప్పలేను. చిన్నది, తేలిక. పొట్టివేలు కూడా చుట్టూ అందింది. మూడేళ్ళ తర్వాత మొదటిసారి నా చెయ్యి సరిగ్గా ఉన్నట్టనిపించింది. "ఇదే ఇవ్వండి" అన్నాను.

నాయన అప్పుడు నోరు తెరిచాడు. "మ్యాచిలో ఏ బంతి ఇస్తారు?"

"పెద్దదే. నాలుగు ముక్కలది."

"మరి ఇంట్లో దీన్ని పట్టుకొని ఏం చేస్తావు?"

జవాబు లేదు. సన్నపోగు చీర నేయబోయేవాడు ముతకపోగుతో చెయ్యి సాధన చెయ్యడు గదా. ఇంతలో పెద్దాయన నా వేలు గమనించాడు. జాలి పడతాడనుకున్నాను. ఆయన చంద్రశేఖర్ గురించి మొదలుపెట్టాడు. "మా మైసూరాయన. చిన్నప్పుడే పోలియోతో కుడిచెయ్యి సన్నబడిపాయె. ఆ చేత్తోనే లెగ్‌స్పిన్ వేసి 58 టెస్టుల్లో 242 వికెట్లు తీసె. 1971లో ఓవల్‌లో 38 పరుగులకి 6 వికెట్లు. ఇంగ్లండులో మనం మొదటిసారి గెలిచింది ఆ చేతి మీదనే." కాస్సేపు ఆగి, "బ్యాటింగు మాత్రం అడగొద్దు. అన్ని టెస్టుల్లో చేసిన పరుగులు 167. వికెట్లే ఎక్కువ" అని నవ్వాడు. నాయన కూడా నవ్వాడు. ఆయన నవ్వు విని చాలా రోజులైంది.

"దీని లోపల ఏముంటాది?" నాయన అడిగాడు.

"నడుమ కార్కు అన్నా. దానిచుట్టూ ఉన్ని దారం బిగించి చుడతారు. పైన తోలు. ఇది మీరట్ సరుకు. 1947లో సియాల్‌కోట నుంచి వచ్చినోళ్ళు ఆడ పెట్టిన పని. కుట్టు ఆరు వరుసలు, చేత్తో వేసింది."

దారం అన్న మాట వినగానే నాయన చెయ్యి చాపాడు. నాలుగు ముక్కల బంతులు అయిదారు ఒకదాని తర్వాత ఒకటి తీసుకొని, కళ్ళు మూసి, బొటనవేలితో కుట్టు చుట్టూ తడిమాడు. తళతళలాడేదాన్ని మొదటే పక్కన పెట్టాడు. "ఈడ బిగువు తప్పింది, పోగు లేచింది" అన్నాడు. పెద్దాయన అద్దాలు పెట్టుకొని చూసి, అవునన్నాడు. చివరికి నాయన కాస్త మసక రంగు బంతి ఒకటి ఎంచి నా చేతిలో పెట్టాడు.

"దీని కుట్టు అంతా ఒకే ఎత్తుగా ఉండాది. నీకుండే వేలికి తగుల్తాది చూడు."

చూపుడువేలిని వదిలేసి ఉంగరపు వేలిని కుట్టుకు ఆనించి పట్టుకున్నాను. పిల్లల బంతి ఇచ్చిన హాయి లేదు. బరువుగా ఉంది. కాని జారలేదు. డబ్బు నాయనే ఇచ్చాడు. కొత్త మెరుగు జారుతుందనీ, ముందు గట్టినేల మీద కొన్నాళ్ళు వేసి విరగ్గొట్టమనీ పెద్దాయన చెప్పి పంపాడు.

తర్వాతి సంగతి క్లుప్తంగా చెబుతాను. మొదటి వారం బంతి గోడ దాటిపోయింది. రెండో వారం గోడకు తగిలింది. మూడో వారం తగిలి కాస్త పక్కకు తిరిగింది. సెలెక్షన్‌లో కెప్టెన్ నన్ను పదకొండో పేరుగా రాసుకున్నాడు. మొదటి మ్యాచిలో నాలుగు ఓవర్లు వేశాను. ఒక బంతి కీపర్ తల మీదుగా పోయింది. ఒకటి నేను అనుకున్నచోట పడి తిరిగింది. బ్యాట్స్‌మన్ ముందుకు వచ్చేశాడు, కీపర్ బెయిల్స్ లేపాడు. స్కోర్లు రాయొద్దని సంపాదకుడి ఆజ్ఞ గనక నేను ఎన్ని పరుగులిచ్చానో ఇక్కడ రాయడం లేదు. ఆయనకు నా ధన్యవాదాలు.

చదువుకో, ఆటకో, మరి దేనికో మధ్యలో దూరమై తిరిగి వచ్చేవాళ్ళు మన కాలేజీలో నా ఒక్కడితో ఆగరు. వాళ్ళకు నేను చెప్పగలిగింది కొంచెమే. అంగడికి పోయేటప్పుడు ఈనాటి చెయ్యిని తీసుకొని పొండి, పాత చెయ్యిని ఇంట్లో వదిలెయ్యండి. చేతికి హాయిగా ఉందని పిల్లల బంతి కొనకండి. వీలైతే మీ ఇంటి పెద్దవాళ్ళను వెంట తీసుకొని పొండి. వాళ్ళకు ఆట తెలియకపోవచ్చు, చెయ్యి తెలుసు.

మ్యాచి అయిన రోజు రాత్రి బంతిని నాయనకు ఇచ్చాను. ఒకవైపు తోలు గీరుకుపోయింది. ఆయన కుట్టు తడిమి, "ఇంకా నిలబడుండాది" అన్నాడు. బంతి తిరిగి ఇస్తూ నా చూపుడువేలిని పట్టుకొని, కొస తడిమి చూశాడు.

"చలికి నొప్పి పెడుతుందా?" అని అడిగాడు.

"లేదు నాయనా" అన్నాను.

అబద్ధమే. ఆయనకూ తెలుసు. అయినా వేలు వదలడానికి కాస్సేపు పట్టింది.