టిక్కెట్టు ఎందాకా?

మా కొత్తగూడెం స్టేషనుకు రైల్వేవారు పెట్టిన పేరు "భద్రాచలం రోడ్డు". కొత్తగా వచ్చే యాత్రికులు బండి దిగి, సంచీ భుజాన వేసుకుని, "రాములవారి గుడి ఎటండీ?" అని అడగడం మాకు అలవాటే. గుడి ఇంకా నలభై కిలోమీటర్లుంది. పాల్వంచ దాటాలి, అడవి దాటాలి, గోదావరి వంతెన దాటాలి. పేరులో అబద్ధం ఏమీ లేదు. ఇక్కడినుంచి రోడ్డే గతి అని రైలువారు ముందే చెప్పారు. మనమే ఆ చివరి మాట మింగేసి చదువుకుంటాం. ఈ ఊళ్లో పెరిగినవాడు ఏ టిక్కెట్టు చేతికి వచ్చినా ముందు "ఎందాకా?" అని అడుగుతాడు. స్విట్జర్లండు రైలు పాసుల దగ్గర నాకు అక్కరకు వచ్చింది ఆ ప్రశ్నే.

స్విట్జర్లండు అనగానే నేనేదో కలిగినవాణ్ణని పాఠకులు అనుకోకండి. కళాశాలలో తెలుగు చెప్పుకుని బతుకుతున్నవాణ్ణి. మా తమ్ముడికి జ్యూరిచ్‌లో ఉద్యోగం. వేసవి సెలవులకు రమ్మని రెండేళ్లుగా పిలుస్తున్నాడు. ఇన్నాళ్లకు బయలుదేరుతున్నామంటే కారణం మా నాన్న.

నాన్న సింగరేణిలో టింబర్‌మన్. ముప్ఫై నాలుగేళ్లు బాయి దిగారు. తవ్విన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం ఆయన పని. ఇప్పుడు డెబ్బై నాలుగు. అమ్మ పోయినప్పటినుంచి ఊరు కదలలేదు. తమ్ముడు పంపిన బొమ్మల్లో సరస్సులూ మంచుకొండలూ చూసి "బాగున్నయి" అని ఊరుకున్నారు. యుంగ్‌ఫ్రౌ రైలు సంగతి చెప్పినప్పుడు మాత్రం మంచంమీద లేచి కూర్చున్నారు. తొమ్మిది కిలోమీటర్ల దారి. అందులో ఏడు కిలోమీటర్లకు పైగా కొండ కడుపులో సొరంగమే. 1896లో పని మొదలుపెట్టి 1912లో ముగించారు. పై స్టేషను 3454 మీటర్ల ఎత్తున ఉంది.

"గాలి ఎట్ల ఆడుతదిరా లోపల?" అన్నారు మొదట. ఆ బండి మొదటినుంచీ కరెంటుదే, పొగ బాధ లేదన్నాను. కాసేపు ఆలోచించి, "మేం రాయిని తొలుచుకుంట కిందికి పోయినం, వాళ్లు పైకి పోయిన్రన్నమాట. ఆ సొరంగం నోరు ఒక్కసారి చూడాలె" అన్నారు. ఆయన నోట "చూడాలె" అన్న మాట విని ఎన్నేళ్లయిందో! ప్రయాణం ఖాయమైంది.

ఇక పాసుల పంచాయితీ. "అన్నయ్యా, స్విస్ ట్రావెల్ పాసు కొనెయ్యి, టిక్కెట్ల బెంగ ఉండదు" అన్నాడు తమ్ముడు. మూడు, నాలుగు, ఆరు, ఎనిమిది, పదిహేను రోజులకు అమ్ముతారు. ఆ రోజుల్లో దేశంలోని రైళ్లలో, బస్సుల్లో, సరస్సుల మీద పడవల్లో, ఊళ్లలో ట్రాముల్లో ఇష్టంవచ్చినట్టు తిరగవచ్చు. 1871లో వేసిన రిగి కొండ రైలు కూడా అందులో కలిసే ఉంది. అయితే రోజులు వరసగా లెక్కలోకి వస్తాయి. మనం బండెక్కినా, గదిలో పడుకున్నా రోజు రోజే. విడివిడి రోజులు ఎంచుకునే పాసు వేరే ఉంది, దాని ధర ఎక్కువ.

రెండోది సగం ఛార్జీ కార్డు. నెల రోజులు చెల్లుతుంది. టిక్కెట్టు ఎప్పటికప్పుడు కొనుక్కోవాలి, సగం ఇస్తే చాలు. చిత్రమేమిటంటే, పాసు కొనమన్న మా తమ్ముడు పాసు కొనలేడు. అది పరదేశపు యాత్రికులకే. ఆ దేశంలో కాపురమున్నవాడు గనుక అతడు తిరిగేది సగం ఛార్జీతోనే!

కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చున్నాను. 2024లో రెండో తరగతి ఎనిమిది రోజుల పాసు 419 ఫ్రాంకులు, సగం ఛార్జీ కార్డు 120. తేడా 299. అంటే ఆ ఎనిమిది రోజుల్లో పూర్తి ఛార్జీ లెక్కన 598 ఫ్రాంకుల ప్రయాణం చేస్తేగాని పాసు గిట్టదు. ధరలు మారినా లెక్కవేసే పద్ధతి ఇదే. జ్యూరిచ్‌నుంచి లూసర్న్, అక్కణ్ణుంచి ఇంటర్లాకెన్, గ్రిండెల్‌వాల్డ్, మళ్లీ జ్యూరిచ్ - మా దారి మొత్తం కూడినా అంతకు చాలా తక్కువే. రోజుకో ఊరు చుట్టే కుర్రవాళ్లకైతే పాసే మేలు, సందేహం లేదు. మా అబ్బాయికి పదమూడేళ్లు. పదహారు నిండని పిల్లలకు తల్లిదండ్రుల వెంట ఉచితపు కార్డు ఇస్తారు. పాసు కొన్నా, సగం ఛార్జీ కార్డు కొన్నా అది దొరుకుతుంది.

అప్పుడు మా స్టేషను ప్రశ్న వేశాను: టిక్కెట్టు ఎందాకా? పాసు గ్రిండెల్‌వాల్డ్ దాకా. ఆ పైన, అంటే నాన్న చూడాలన్న సొరంగం వైపు, పాసు ఉన్నవారికి తగ్గించేది నాలుగో వంతే. సగం ఛార్జీ కార్డుకు అక్కడా సగమే!

అయినా తమ్ముడు చెప్పిన సుఖం నన్ను లాగుతూనే ఉంది. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విని, "ఏమండీ, పాసు కొంటే మామయ్యగారిని ఒక్క పూట కూర్చోనిస్తారా? డోర్నకల్ సీజను టిక్కెట్టు ఉన్న రోజుల్లో ఆదివారం కూడా దండగైపోతోందని గొణిగేవారు" అంది. నవ్వాను గాని, ఆ మాటతో లెక్క తేలిపోయింది. ముందే డబ్బు కట్టిన రోజు ఊరికే ఉండనివ్వదు. ఎక్కు, దిగు, ఇంకోటి చూడు అంటుంది. నాన్నకు ఒకరోజు తిరిగితే ఒకరోజు విశ్రాంతి కావాలి. ఆ రోజు దండగైందని ఆయన అనుకోకూడదు, మేమూ అనుకోకూడదు. పెద్దవాళ్లు మనకు బరువయ్యామని అనుకునేది ఇలాంటి చిన్న లెక్కల దగ్గరే.

మా డాక్టరుగారు నాన్న గుండె, ఊపిరి పరీక్షించి, అంత ఎత్తున గాలి బలం మన పల్లపు నేలమీద ఉండేదానిలో మూడింట రెండు వంతులేనని చెప్పారు. మెల్లగా, ఆగి ఆగి వెళ్లమన్నారు. ఆయాసం వస్తే వెంటనే దిగిరమ్మన్నారు. వెళ్లమనీ అనలేదు, మానమనీ అనలేదు.

అందుకని పెద్దవాళ్లం ముగ్గురికీ సగం ఛార్జీ కార్డులే తీసుకున్నాం. మొదటి టిక్కెట్టు ఐగర్‌గ్లెచర్ స్టేషను దాకా కొంటాం. అది 2320 మీటర్లు. సొరంగం నోరు అక్కడే. అక్కడ గంటసేపు కూర్చుంటాం. పై టిక్కెట్టు కొనాలా వద్దా అన్నది నాన్న ఊపిరే చెబుతుంది. జనం ఎక్కువైతే అప్పటికప్పుడు సీటు దొరక్కపోవచ్చు. ఆ నష్టానికి ఒప్పుకునే ఉన్నాం.

ఇదంతా విని మా అబ్బాయి, "తాతయ్య పైకి రాకపోతే నేనూ వెళ్లను" అన్నాడు.

"పిచ్చోడా, నువ్వు పోయి రా. లోపల పైకప్పు కింద ఏం నిలబెట్టిన్రో చూసొచ్చి నాకు చెప్పు" అన్నారు నాన్న.